బంతి లేని వీడియో

జనవరి 7, సాయంత్రం

ఇవాళ మ్యాచ్ మొత్తం వీడియో తీశాను. నా జన్మలో మొదటి సినిమా. ఇంటికొచ్చి చూస్తే అందులో బంతి లేదు.

నిజంగానే లేదు. గడ్డి ఉంది, తెల్లగీతలు ఉన్నాయి, మనవరాలు ఉంది. మనవరాలు పరిగెత్తడం, ఆగడం, నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పడం, మేజోడు పైకి లాక్కోవడం, మళ్ళీ పరిగెత్తడం. ఒకచోట అందరూ ఒక్కసారిగా కేకలు వేశారు. గోల్ పడిందన్నమాట. ఎవరు వేశారో, ఎటు పడిందో వీడియోలో లేదు. మా పిల్ల మాత్రం రెండు చేతులూ పైకెత్తి గెంతుతోంది. కాబట్టి మనవాళ్ళే వేసి ఉంటారు.

అల్లుడు ఫోన్‌ని టీవీకి తగిలించి చూశాడు. తర్వాత మహా మర్యాదగా, అత్తయ్యగారూ, బంతి ఎక్కడండీ అని అడిగాడు. బంతికేం నాయనా, ఎక్కడికి పోతుంది, తిరిగి దీని దగ్గరికే వస్తుంది అన్నాను. మా అమ్మాయి సోఫాలో పడిపడి నవ్వింది. మిడత నవ్వలేదు. వచ్చి నా పక్కన కూర్చుని, అమ్మమ్మా, నేను అలా పరిగెత్తుతానా అంది. తనని తాను ఎప్పుడూ అంతసేపు చూసుకోలేదట.

మిడత అంటే మనవరాలే. పుట్టినప్పుడే కాళ్ళు పొడుగు. ఒకచోట నిలిస్తే ఒట్టు. అసలు పేరు పెట్టి పిలిస్తే వినిపించనట్టు ఉంటుంది, మిడతా అంటే ఎక్కడున్నా ఊడిపడుతుంది.

జనవరి 8

ఈ వీడియో గోల ఎందుకో రాసి పెట్టాలి. లేకపోతే కొన్నాళ్ళకి నేను రాసింది నాకే అర్థం కాదు.

మిడతకి ఈ ఏడాదితో స్కూలు అయిపోతుంది. సముద్రం అవతలి దేశంలో ఫుట్‌బాల్ బాగా ఆడే పిల్లల్ని కాలేజీవాళ్ళే పిలిచి చదివిస్తారట. వాళ్ళు దాన్ని సాకర్ అంటారట, ఏదైనా తన్నేది బంతినే. అక్కడి కోచ్‌లు ఇంతదూరం రారు. వీడియో పంపితే చూస్తారు, నచ్చితే రమ్మంటారు. మిగతా పిల్లల ఇళ్ళల్లో కెమెరా మనుషుల్ని మాట్లాడుకున్నారు. మా ఇంట్లో అమ్మాయి పిల్లలకి లెక్కలు చెబుతుంది, శనివారం కూడా. అల్లుడిని ఆఫీసు వదలదు. నేనుండగా వేరే మనిషి ఎందుకని నేనే అన్నాను. చాలా గొప్పగా అన్నాను.

ఫోటో స్టూడియో నడిపినదాన్ని కదా. ఆయన ఉన్నన్నాళ్ళు ఇద్దరం, ఆయన పోయాక కొన్నాళ్ళు ఒక్కదాన్నే. పాస్‌పోర్టు ఫోటోలు, పళ్ళు రాని పసివాళ్ళు, పళ్ళు ఊడిన తాతలు, ఉద్యోగం కోసం అరువు కోటు వేసుకుని వచ్చే కుర్రాళ్ళు. ఆయన నాకు నేర్పింది ఒక్కటే. ముఖం వదలకు. బయట ఏ గొడవైనా జరగనీ, ఎవరైనా తలుపు తోసుకుని రానీ, నీ కన్ను ముఖం మీదే ఉండాలి. ఏ క్షణంలో మనిషి తనలా కనబడతాడో ఎవరూ చెప్పలేరు. అప్పుడు నువ్వు పక్కచూపులు చూస్తే ఫోటో పోయినట్టే.

అలా బతికినదాన్ని పట్టుకుని ఇప్పుడు బంతిని చూడమంటే ఎలా?

జనవరి 20

అల్లుడు ట్రైనింగ్ మొదలుపెట్టాడు. డైనింగ్ టేబుల్ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నిమ్మకాయ దొర్లిస్తాడు. నేను నిమ్మకాయని వదలకుండా తీయాలి. ఆఖరికి శభాష్ అత్తయ్యగారూ అన్నాడు. ఆ నిమ్మకాయ వీడియో నిజంగా బాగా వచ్చింది. నిమ్మకాయల కాలేజీ ఏదైనా ఉంటే పంపొచ్చు.

జనవరి 21

గ్రౌండ్ బస్ డిపో వెనకాల ఉంది. సాయంత్రం అయ్యేసరికి బస్సుల పొగ, తడిపిన గడ్డి ఆవిరి కలిసి నీలంగా ఒక తెర లేస్తుంది. ఆ వెలుతురులో పిల్లలందరూ నేలకి ఒక బెత్తెడు ఎత్తులో పరిగెత్తుతున్నట్టు ఉంటారు. స్టూడియోలో అలాంటి లైటు కోసం మేం ఎన్ని పాట్లు పడ్డామో.

ఇక్కడి కోచ్‌ని అందరూ ఈలాయన అంటారు. పగలు టైర్ల షాపు, సాయంత్రం ఈల. మాట్లాడేటప్పుడు కూడా నోట్లోంచి ఈల తీయడు, సగం మాటలు కూతలే. బంతిని చూడండమ్మా అని ఆయన కూడా నాకు చెప్పాడు. మా అల్లుడు ముందే చెవిలో ఊదినట్టున్నాడు.

చూశాను. మొదటి సగమంతా బంతినే చూశాను. తల తిరిగిపోయింది. అది ఒకచోట ఉంటే కదా! ఒకరి కాలి నుంచి ఇంకొకరి కాలికి, అక్కడి నుంచి ఆకాశంలోకి. ఆకాశం మాత్రం చక్కగా వచ్చింది. మధ్యలో ఒకసారి మిడత ఎక్కడుందో తెలియలేదు. రద్దీలో పిల్ల చెయ్యి జారిపోయినట్టు అయింది. బంతిని దాని మానాన వదిలేసి వెతికాను. ఎడమవైపు గీత పక్కన ఒక్కతే ఉంది. భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసి, మళ్ళీ ముందుకి తిరిగింది.

రెండో సగం నా పద్ధతిలోనే తీశాను. అల్లుడు ఏమైనా అననీ.

ఫిబ్రవరి 11

అల్లుడు వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ముక్కలు తెచ్చి రెండు నిమిషాల వీడియో కుట్టాడు. అన్నీ గోల్సే. వెనకాల దడదడమని మ్యూజిక్. అందులో మిడత చాలా బాగుంది, ఎవరో పక్కింటి పిల్లలా. దొరికిన కాలేజీలన్నిటికీ పంపారు.

ఫిబ్రవరి 26

జవాబులు వస్తున్నాయి. అన్నీ మహా మర్యాదగా ఉన్నాయి. మర్యాద అంత పొంగిపొర్లుతోందంటే పని కాదని అర్థం.

మిడత కంచం ముందునుంచి సగంలో లేచిపోయింది. మేడ మీద గోడకేసి బంతి కొడుతోంది. కింద నా గదిలో ఆ దెబ్బలు వినిపిస్తున్నాయి. పిల్ల బాధపడుతుంటే నాకు బాధగానే ఉంది. కానీ లోపల ఎక్కడో ఒక మూల, పోనీలే, ఇక్కడే ఉంటుంది అనుకున్నాను. డైరీలో కూడా అబద్ధం రాస్తే ఎలా.

మార్చి 5

ఒక కాలేజీ కోచ్ మాత్రం, ముక్కలు వద్దు, కోయని మ్యాచ్ ఒకటి మొత్తంగా పంపు అని రాసిందట. మిడత ఎవరికీ చెప్పకుండా పంపేసింది. ఏది? నాది. జనవరి 7ది. బంతి లేనిది.

మా అమ్మాయి ఒంటికాలి మీద లేచింది. అల్లుడు తల పట్టుకుని కూర్చున్నాడు. వెళ్ళి వెళ్ళి అదే దొరికిందా నీకు అన్నాడు. మిడత తాపీగా, రెండు నిమిషాల దాంట్లో ఉన్నది బంతి నాన్నా, అమ్మమ్మ తీసిన దాంట్లో ఉన్నది నేను అంది.

ఈ పిల్లకి ఇన్ని మాటలు ఎప్పుడొచ్చాయో.

మార్చి 16

ఆ కోచ్ వీడియో కాల్ చేసింది. ఆవిడ కూర్చునే ఉన్నా పొడుగని తెలుస్తోంది, తల పైభాగం స్క్రీన్‌లో పట్టలేదు. మనసులో పొడుగావిడ అని పేరు పెట్టేశాను. ఆవిడ మాట నాకు సగమే అందింది, మిగతా సగం మిడత చెబుతూ వచ్చింది. మొదటి ప్రశ్నే, ఈ వీడియో ఎవరు తీశారని. ముగ్గురూ నావైపు తిరిగారు. నేను టీ కప్పు వెనక దాక్కున్నాను.

తిట్టలేదు. అందరూ నాకు గోల్స్ పంపుతారు అందట. గోల్ వేయడం నేను నేర్పుకుంటాను. బంతి తన దగ్గర లేనప్పుడు పిల్ల ఏం చేస్తుందో ఇంతవరకూ నాకు ఎవరూ చూపించలేదు. ఆటలో ఎక్కువ భాగం అదే కదా. ఈ పిల్ల బంతి లేకపోయినా ఊరికే నిలబడదు. ఖాళీ చూసుకుని జరుగుతుంది, తోటిపిల్లలకి దారి చూపిస్తుంది, పోయిన బంతి కోసం వెనక్కి పరిగెత్తుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మాటిమాటికీ భుజం మీదుగా వెనక్కి చూస్తుంది. బంతి వచ్చేలోపే చుట్టూ ఎవరెక్కడున్నారో దానికి తెలిసిపోతుంది. పెద్ద ఆటగాళ్ళకి నెత్తీనోరూ కొట్టుకుని నేర్పుతాం దాన్ని, నీకు ఎవరు నేర్పారు అని అడిగింది. మిడత నేలచూపులు చూస్తూ, ఊరికే, అలవాటండీ అంది.

ఇంకేముంది, వచ్చెయ్ అంది పొడుగావిడ. చదువు, బస, ఆట, అన్నీ వాళ్ళే చూసుకుంటారట. ఆగస్టులో మ్యాచ్‌లు మొదలట.

అల్లుడు నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పినంత పని చేశాడు. అమ్మాయి ఏడ్చి, నవ్వి, ఈలాయనకి ఫోన్ చేసింది. ఆయన మాటలు రాక ఈల ఊదాడు, గదంతా వినిపించింది. మిడత నా మెడ పట్టుకుని వేలాడింది. నాకు ఊపిరాడలేదు. సంతోషం వల్లే అనుకున్నారు అందరూ.

మార్చి 17

అయితే దీన్ని పంపిస్తున్నది నేనన్నమాట.

ఏప్రిల్ 9, మధ్యాహ్నం

కునుకులో కల. పాత డార్క్ రూమ్. ఎర్ర బల్బు. ఆయన వెనకాలే ఉన్నాడు, కనబడడు, దగ్గుతున్నాడు. ట్రేలో తెల్లకాగితం వేశాను. మెల్లగా ఊపుతున్నాను. ముఖం రావాలి. గీతలు వచ్చాయి. ఒక పొడుగు గీత, ఒక అడ్డగీత, మధ్యలో గుండ్రంగా సున్నా. గ్రౌండ్ అది. అందులో ఎవరూ లేరు. ఇంకాస్త ఆగు, వస్తుంది అన్నాడు ఆయన. ఆగాను. కాగితం నల్లబడిపోయింది.

లేచేసరికి మిడత మంచం చివర కూర్చుని నా కాలి గోళ్ళకి రంగు వేస్తోంది. కాళ్ళు రెండూ వంగపండు రంగు. కదిలావంటే ఊరుకోను అంది. జీవితమంతా నేను జనానికి చెప్పిన మాటే అది.

ఏప్రిల్ 30

వెళ్ళొద్దు అని నేను ఒక్కమాట అంటే ఆగిపోతుంది. నాకు తెలుసు. దానికీ తెలుసు. అందుకే ఈమధ్య ఇద్దరం వాతావరణం గురించి ఎక్కువగా మాట్లాడుకుంటున్నాం.

మే 20

వీసాకి ఫోటో కావాలి. బయట ఎక్కడో తీయిస్తానని అల్లుడన్నాడు. నేను చూసిన చూపుకి మళ్ళీ నోరెత్తలేదు.

అటక మీద నుంచి తెల్లతెర, రెండు లైట్లు, ఆయన కెమెరా దించాం. హాల్లో సోఫా గోడకి జరిపి స్టూల్ వేశాను. లైటు వేయగానే దుమ్ము పైకి లేచి గాల్లోనే ఆగిపోయింది. ఒక్క నిమిషం అది మా పాత స్టూడియో అయిపోయింది. తలుపు దగ్గర ఎవరో తమ వంతు కోసం కూర్చున్నట్టే ఉంది.

వీసా ఫోటోలో నవ్వకూడదు. మిడతకి అది చేతకాదు. పెదవులు బిగిస్తే బుగ్గలు నవ్వుతాయి, బుగ్గలు ఆపితే కళ్ళు. తల ప్రాణం తోకకొచ్చింది. ఊపిరి వదులు, దేని గురించీ ఆలోచించకు అన్నాను. వదిలింది. అప్పుడు దాని ముఖం చూశాను. అది పెద్దదైపోయింది. ఎప్పుడైందో తెలియలేదు. రోజూ అదే ముఖం చూస్తున్నాను, అయినా తెలియలేదు.

క్లిక్ కొట్టాను.

మే 23

ఫోటోని కంప్యూటర్ తిప్పికొట్టింది. చెవి పక్కన నీడ ఉందట. ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను తిప్పికొట్టిన మొదటి వెధవ ఈ కంప్యూటర్. అల్లుడు గొంతు సవరించుకుని ఏదో అనబోయి మానేశాడు. మంచిపని చేశాడు.

రేపు పొద్దున్నకల్లా కొత్త ఫోటో పంపాలి. అది కూడా తిరిగొస్తే అపాయింట్‌మెంట్ పోతుంది, మళ్ళీ ఎప్పుడో, ఆగస్టు దాటిపోవచ్చు. అమ్మాయి కంగారు పడుతోంది. మళ్ళీ తెర, మళ్ళీ స్టూల్. ఈసారి మిడత ఒక్కసారికే నవ్వకుండా కూర్చుంది.

కెమెరాలోంచి చూశాను. నీడ ఉంది. కుడిచెవి కింద, సన్నగా. అల్లుడు పక్కనే నిలబడి చూస్తున్నాడు, వాడికి కనబడలేదు. అమ్మాయికీ కనబడలేదు. నా కంటికి తప్ప ఎవరికీ కనబడదు అది. నా వేలు బటన్ మీదే ఉంది. నొక్కితే చాలు. ఎవరూ నన్ను తప్పు పట్టరు. పాపం పెద్దావిడ, చూపు ఆనలేదు అంటారు.

మిడత కదలకుండా నన్నే చూస్తోంది. నేను బాగా తీస్తానని నమ్మి చూస్తోంది.

లేచి ఎడమవైపు లైటు రెండు జానలు వెనక్కి లాగాను. నీడ పోయింది.

మే 24

ఫోటో పాసైంది. ఒంట్లో బాగాలేదని పడుకున్నాను. బాగానే ఉంది.

జూన్ 19

వీసా వచ్చింది. కింద అందరూ అరుస్తున్నారు. నేను మేడ మీదకి వెళ్ళి ఆరేసిన బట్టలు తెచ్చేశాను. అవింకా ఆరలేదు.

జులై 27

రేపు కాదు ఎల్లుండి ప్రయాణం.

సాయంత్రం మిడత నన్ను గ్రౌండ్‌కి తీసుకెళ్ళింది. ఈలాయన లేడు, పిల్లలు లేరు. బస్సులు ఒక్కొక్కటే డిపోలోకి వస్తున్నాయి. బంతి ఏదే అంటే, గాలి తీసి సూట్‌కేసులో పెట్టేశాడు నాన్న అంది. బంతి లేకుండా ఏం ఆడతావంటే, నీకు బంతితో ఏం పని అమ్మమ్మా, నువ్వు తియ్యి అంది.

ఆడింది. ఒక్కతే, అంత గ్రౌండ్‌లో. లేని బంతి కోసం లేనివాళ్ళతో. ఎడమగీత పట్టుకుని పరిగెత్తింది, ఆగింది, చెయ్యి చూపించింది, వెనక్కి వచ్చింది. నీలం తెర లేచింది. మోకాళ్ళ కింద కాళ్ళు కనబడటం లేదు. మాటిమాటికీ భుజం మీదుగా చూస్తోంది, ఆ చూపు సూటిగా వచ్చి నా మీద వాలుతోంది. నాకు అప్పుడు అర్థమైంది. అయినా అడిగాను, దగ్గరికి వచ్చాక. ఆ వెనక్కి చూడటం ఎక్కడ నేర్చుకున్నావే అని.

చిన్నప్పుడు నన్ను గ్రౌండ్‌కి తెచ్చేదానివి కదా, అంది. బెంచీ మీద కూర్చునేదానివి. నువ్వు ఉన్నావో లేదో అని చూసుకునేదాన్ని. నువ్వు వెళ్ళిపోతావేమోనని భయం. తర్వాత భయం పోయింది, చూడటం పోలేదు. పొడుగావిడతో ఈ మాట ఎలా చెప్పను, సిగ్గు కదా అంది.

దాని జుట్టు సరిచేశాను, బాగానే ఉన్న జుట్టుని.

ఇంటికొచ్చాక, వీడియో చూపించండి అత్తయ్యగారూ అన్నాడు అల్లుడు. నొక్కడం మరిచిపోయాను నాయనా అన్నాను. అయ్యో అన్నాడు. నిజానికి మరిచిపోలేదు. ఫోన్ ఎత్తి పట్టుకున్నాను, ఎర్ర బటన్ నొక్కలేదు. అది నాకే ఉండాలనిపించింది.

జులై 29

ఎయిర్‌పోర్టు అద్దాల అవతల లైన్‌లో నిలబడింది. ముందు ఒక సంచుల కుటుంబం, వెనక ఒక గిటార్ మనిషి. బోలెడంత మంది అటూ ఇటూ పోతున్నారు. నేను కళ్ళు తిప్పలేదు. మలుపు దగ్గర భుజం మీదుగా వెనక్కి చూసింది. చెయ్యెత్తాను. తిరిగి నడిచింది.

అమ్మాయి నా భుజం పట్టుకుని, ఇంక పద అమ్మా అంది. ఇంకాసేపు నిలబడ్డాను. మలుపు మాత్రమే ఉంది.

ఆగస్టు 6

మేడ మీద గోడకి బంతి మచ్చలు. అల్లుడు సున్నం వేయిస్తానన్నాడు. వేయించి చూడు అన్నాను.

ఆగస్టు 20, ఉదయం 6

అక్కడ నిన్నటి సాయంత్రం, ఇక్కడ ఇవాళ్టి తెల్లవారుజాము. మొదటి మ్యాచ్. కాలేజీవాళ్ళే నెట్‌లో చూపిస్తారట. అందరం టీవీ ముందు. నేను జడ కూడా వేసుకున్నాను.

కెమెరా బంతి వెనకే పోయింది!

ఆట మొదలయ్యాక మిడత గట్టిగా నాలుగుసార్లు కనబడిందేమో. బంతి వస్తే పిల్ల వస్తుంది, బంతి పోతే పిల్ల పోతుంది. ఎవడయ్యా ఆ కెమెరా వాడు, వాడికి అమ్మమ్మ లేదా అన్నాను. అల్లుడు, ఆటని అలాగే తీస్తారండీ, నిమ్మకాయ గుర్తులేదా అన్నాడు. గుర్తుంది. నిమ్మకాయకి ముఖం లేదు. మా పిల్లకి ఉంది.

ఇంత పెద్ద టీవీ, ఇంత వెలుతురు, అన్నీ కనబడుతున్నాయి, కావలసింది తప్ప. ఏడుపొచ్చింది. ఏడ్చాను.

రెండో సగంలో ఎడమవైపు వేరే పిల్ల ఆడింది.

ఆగస్టు 22

మిడత ఫోన్. మొదట తిండి బాగుందంది, గది బాగుందంది, కిటికీలోంచి చెట్టు కనబడుతుందంది. బాగున్నవన్నీ అయిపోయాక ఏడ్చింది.

పొడుగావిడ గదిలోకి పిలిచి, వీడియోలో చూసిన పిల్ల ఏది, నువ్వు ఆ పిల్లవి కాదే అందట. వెనక్కి చూడటం మానేశావు, ఎవరొస్తున్నారో తెలియకుండా బంతి తీసుకుంటున్నావు, మూడుసార్లు పోగొట్టావు అందట. అది సర్దుకునే దాకా బెంచీయేనట. సర్దుకోకపోతే వచ్చే ఏడాదికి ఉంచుతారో లేదో కూడా చెప్పలేనందట.

వెనక్కి చూడవే మరి, ఏం పోయింది అన్నాను.

చూస్తే ఎవరున్నారు అమ్మమ్మా, ఖాళీ బెంచీలు, ఎవరివో అమ్మలూ నాన్నలూ అంది. చూస్తే ఇంకా బెంగగా ఉంటోంది, అందుకే చూడటం లేదు అంది.

కట్ చేశాక కూడా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాను.

ఆగస్టు 25

పొద్దున్నుంచీ ఆ 20వ తేదీ మ్యాచ్‌నే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని చూస్తున్నాను. టీవీలో బంతి కుడిపక్క చివరికి పోయింది. మరి మిడత ఎక్కడుండాలి? మొదటి సగంలో మిడతవాళ్ళు ఎడమవైపు గోల్ మీదకి ఆడతారు. అంటే పిల్ల ఎడమపక్క ఉండాలి, గీత దగ్గర, ఖాళీ చూసుకుంటూ. టీవీ అంచు దాటి బయట.

లేచి టీవీకి ఎడమపక్కన గోడ దగ్గర నిలబడ్డాను. అక్కడ అల్లుడి క్యాలెండర్ వేలాడుతోంది. తీసేశాను. తెల్లగోడ. చూస్తూ నిలబడ్డాను.

వచ్చింది. డార్క్ రూమ్‌లో కాగితం మీద వచ్చినట్టు, ముందు కాళ్ళు, తర్వాత భుజాలు. ఈ పిల్ల ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు మేజోడు లాక్కుంటుందో నాకు తెలియనిదేముంది? టీవీలో బంతి ఇటు తిరిగింది, గోడ మీద మిడత కదిలింది, మరుక్షణం టీవీ అంచులోంచి లోపలికి వచ్చింది. సరిగ్గా నేను చూస్తున్న ఎత్తులోనే.

అమ్మాయి కాఫీ పట్టుకుని వచ్చి, అమ్మా, గోడకేసి చూస్తున్నావేంటే అని కంగారు పడింది. మ్యాచ్ చూస్తున్నానన్నాను. వెళ్ళి మొగుడిని పిలుచుకొచ్చింది.

సాయంత్రం మిడతకి ఫోన్ చేశాను. ఇదిగో, విను అన్నాను. ఇంక నేను టీవీ ముందు కూర్చోను. పక్కన గోడ దగ్గర కూర్చుంటాను, కుర్చీ వేసుకుని. మొదటి సగం ఎడమ గోడ, రెండో సగం కుడి గోడ. నువ్వు ఎటుంటే అటు. కెమెరా వాడు నిన్ను వదిలేసినప్పుడల్లా నువ్వు నా దగ్గరే ఉంటావు. వాడిష్టం వచ్చినట్టు వాడిని తీసుకోనీ. నువ్వు వెనక్కి చూడు, నేను ఉంటాను.

మిడత నవ్వింది. నీకు పిచ్చి పట్టింది అమ్మమ్మా అంది. పడితే పట్టింది అన్నాను. అమ్మమ్మా, నిజంగా కుర్చీ వేసుకుంటావా అంది.

అల్లుడు కుర్చీ తెచ్చి ఎడమ గోడ దగ్గర వేశాడు. తర్వాత, కుడివైపు కూడా ఒకటి ఉంటే మధ్యలో మోసుకోవక్కర్లేదు కదా అత్తయ్యగారూ అంటూ ఇంకోటి తెచ్చాడు. మంచివాడు. నిమ్మకాయ సంగతి క్షమించేశాను.

సెప్టెంబర్ 3

మ్యాచ్. మిడత బెంచీ మీదే. కెమెరా బెంచీని చూపించలేదు. రెండు కుర్చీల్లోనూ కూర్చున్నాను.

సెప్టెంబర్ 10, ఉదయం 5

ఆడుతోంది.

బంతి కుడివైపు చివర ఉంది, కెమెరా అక్కడే ఉంది. నేను ఎడమ గోడ దగ్గర. గోడ మీద మిడత పరిగెత్తింది, ఆగింది, భుజం మీదుగా వెనక్కి చూసింది.

చెయ్యెత్తాను.

తర్వాత వచ్చింది బంతి.